సరమ అడిగిన మాట

రాచర్ల సెంటర్లో పొద్దున టీ తాగుతూ నిలబడి ఉన్నాను. బస్సు కోసం వచ్చిన ఒక పెద్దాయన, జేబులోంచి జారిన రూపాయి బిళ్ళ తీసుకుందామని నడుము వంచాడు. అంతే. బంకు ముందు బన్ను ముక్కల కోసం కాచుకుని కూచున్న కుక్కలన్నీ ఒక్కసారిగా లేచి, తోకలు కాళ్ళ సందున దాచుకుని, గిద్దలూరు రోడ్డు వైపు పరుగు తీశాయి. పెద్దాయన వాటిని చూడను కూడా లేదు. బిళ్ళ తీసి, దుమ్ము తుడిచి, జేబులో వేసుకుని, బస్సెక్కి పోయాడు. కుక్కలు చాలాసేపటికి గానీ తిరిగి రాలేదు. వచ్చినా ముందు మనుషుల చేతుల వైపు చూసి, ఆ తర్వాతే బన్ను వైపు చూశాయి. ఇందులో కొత్తేముంది? ఏమీ లేదు. కుక్క మీదికొస్తే రాయి వెతుక్కోనక్కర్లేదు, వంగితే చాలు అని మా ఊళ్ళో నడక వచ్చిన ప్రతి పిల్లకాయకూ చెబుతారు. నాకూ చెప్పారు. అయినా ఆ పొద్దున్నుంచి ఆ సంగతి నన్ను వదల్లేదు. మనం ఎన్ని పనులకు వంగుతాం! ముగ్గు వేయడానికి, మిరప నారు నాటడానికి, చెప్పు సరిచేసుకోవడానికి, పెద్దల కాళ్ళకు దణ్ణం పెట్టడానికి. మన ఒంట్లో ఇంత అణకువ ఉన్న కదలిక ఇంకొకటి లేదేమో. కుక్కలు దాన్ని మాత్రం ఒకే రకంగా చదువుకున్నాయి.

ఆ గుంపులో ఒక పిల్ల కూడా ఉంది. ఇంకా పాలపళ్ళు రాలని వయసు. దాని మీద ఎవరైనా రాయి విసిరారో లేదో నాకు తెలియదు, విసిరి ఉండకపోవచ్చు కూడా. తల్లి పరిగెత్తింది కాబట్టి అదీ పరిగెత్తింది. అంటే దానికి దెబ్బ కంటే ముందు భయం అందింది. పుట్టిన మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా కుక్కపిల్ల లోకాన్ని పోగుచేసుకుంటుందని, ఆ రోజుల్లో ఏది మంచిదిగా తగిలితే అది జన్మంతా మంచిదిగా, ఏది చెడ్డదిగా తగిలితే అది చెడ్డదిగా ఉండిపోతుందని స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు 1965లో అచ్చయిన తమ పుస్తకంలో వివరంగా రాశారు. ఏళ్ళ తరబడి వందల కుక్కపిల్లలను పెంచి చూసి రాసిన సంగతి అది. మా సెంటర్లో కుక్కపిల్లకు ఆ వారాల్లో అందిన లోకం ఏమిటి? లారీ చక్రాలు, బన్ను ముక్కలు, వంగే మనుషులు.

ఇదంతా ఇంతగా పట్టించుకోవడానికి ఇంకో కారణం మా ఇంట్లోనే ఉంది. బెంగళూరు కంపెనీ పనిని ఇంటి నుంచే చేసుకుంటున్న మా తమ్ముడి కొడుకు, నెమలిగుండ్ల రంగనాయకస్వామి గుడికి పోయి వస్తూ జేపీ చెరువు దారిలో దొరికిన నల్ల కుక్కపిల్లను చొక్కాలో పెట్టుకుని తెచ్చాడు. దానికి మిర్చి అని పేరు పెట్టాడు. ఇక చూడండి. ఉడకబెట్టిన కోడిగుడ్డును చిటికెన వేలి గోరంత ముక్కలు కోసి డబ్బాలో వేసుకుంటాడు. పిల్ల నిద్ర లేవగానే ఎత్తుకుని దొడ్లోకి పరుగు. తిన్నాక పరుగు. ఆడాక పరుగు. అక్కడ అది ఉచ్చ పోస్తే, పోసిన ఆ క్షణంలోనే 'శభాష్ మిర్చీ' అని ఒక ముక్క నోట్లో పెడతాడు. ఇంట్లో పోస్తే ఏమీ అనడు. గుడ్డ తెచ్చి తుడిచి, ఆ వాసన మిగలకుండా కడిగి, తనను తానే తిట్టుకుంటాడు, వేళ కనిపెట్టుకోలేకపోయానని. మా అమ్మకు ఇదంతా సినిమా కన్నా బాగుంది. 'కుక్కకి కోడిగుడ్డా! ఈ జేజికి ఎప్పుడన్నా ఒలిచి పెట్టినావురా?' అంటుంది. మా చిన్నాయనకు మాత్రం ఒళ్ళు మండిపోతుంది. ఆయన కాలంలో పద్ధతి వేరు. కుక్కపిల్ల ఇంట్లో పాడు చేస్తే మెడ పట్టుకుని, మూతిని ఆ తడిలో రుద్ది, నడ్డి మీద రెండు వేసి, బయటికి విసిరేసేవాళ్ళు. 'భయం లేని కుక్క ఇంట్లో కుక్కేంది అబ్బయ్యా? నువ్వు కోడిగుడ్లు పెడితే అది నీ నెత్తికెక్కి కూచుంటది' అంటాడు నాతో, మనవడితో అనలేక.

వీళ్ళిద్దరి మధ్యా ఒకనాడు జరిగిన వాదం నాకు బాగా నచ్చింది. రాత్రెప్పుడో మిర్చి వసారాలో దోవతి ఒకటి చింపి పెట్టింది. అది చిన్నాయన దోవతే. కుక్కపిల్లకు ఇరవై ఎనిమిది పాలపళ్ళుంటాయి, నాలుగో నెల తిరిగేసరికి అవి రాలుతూ నలభై రెండు పళ్ళు మొలుస్తూ ఉంటాయి. ఆ చిగుళ్ళ సలపరానికి అది దోవతినైనా కొరుకుతుంది, తలుపునైనా కొరుకుతుంది. తెల్లారి చిన్నాయన ఆ గుడ్డపేలికలు పట్టుకుని గుమ్మంలోకి రాగానే మిర్చి చెవులు వెనక్కి వాల్చి, కళ్ళు పక్కకు తిప్పి, నేలకు అంటుకుపోయింది. 'చూసినావా? తప్పు చేసినట్టు దానికే తెలుసు. తలకాయ ఎట్ట దించుకుందో చూడు. తెలిసి చేసినదానికి తన్నులు పడాల' అన్నాడాయన. మావాడు, 'తాతా, రేతిరి చేసిన పనికి తెల్లారి కొడితే దానికేం తెలుస్తది? అది నీ మొహం చూసి భయపడతా ఉంది, దోవతి చూసి కాదు' అన్నాడు. నేను ఎటూ చెప్పలేక నవ్వి ఊరుకున్నాను. తర్వాత చదివితే మావాడి మాటే నిలిచింది. అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే ఆవిడ 2009లో అచ్చు ఇదే పరీక్ష పెట్టింది. యజమాని గదిలో లేనప్పుడు కొన్ని కుక్కలు వద్దన్న తిండి తిన్నాయి, కొన్ని తినలేదు. తినని కుక్కల యజమానులకు కూడా కొందరికి 'మీది తినేసింది' అని చెప్పారు. తప్పు చేసిన మొహం ఏ కుక్కలు పెట్టాయి? తిన్నవి కాదు. తిట్లు తిన్నవి. అసలు ఏమీ తినకుండా తిట్లు మాత్రం తిన్న కుక్కల్లో ఆ మొహం ఇంకా ఎక్కువగా కనపడింది. మనం ఇన్నాళ్ళూ పశ్చాత్తాపం అనుకున్నది బతిమాలుకోవడం అన్నమాట. ఇది చదివాక నాకు కుక్కల సంగతి అట్లా ఉంచి, చిన్నప్పుడు మాస్టారి ముందు మేం పెట్టిన మొహాలు గుర్తొచ్చాయి. అవి ఏ రకం మొహాలు?

తప్పేమీ లేకుండా దెబ్బలు తిన్న కుక్కపిల్ల అనగానే తెలుగు చదివిన వాళ్ళెవరికైనా సరమ గుర్తుకు రాక మానదు. నన్నయ భారతంలో కథ నిజంగా నడక మొదలుపెట్టేది అక్కడే. జనమేజయుడు కురుక్షేత్రంలో పెద్ద సత్రయాగం చేస్తున్నాడు. దేవతల కుక్క సరమ కొడుకు సారమేయుడు ఆడుకుంటూ అటు వచ్చాడు. రాజు తమ్ముళ్ళు శ్రుతసేనుడు, ఉగ్రసేనుడు, భీమసేనుడు ఆ పిల్లను పట్టుకుని కొట్టారు. అది ఏడుస్తూ తల్లి దగ్గరికి పోయింది. వ్యాసుడి భారతంలో ఆ పిల్ల తల్లికి చెప్పుకుంటుంది, తను హవిస్సు వైపు చూడనూ లేదు, మూతి పెట్టనూ లేదని. తల్లి వచ్చి యాగశాలలో నిలబడి అడిగిన మాట ఒక్కటే: తప్పేం చేశాడని కొట్టారు? వాళ్ళ దగ్గర జవాబు లేదు. తగునా తగదా అని చూడకుండా పేదలకూ సాధువులకూ కీడు చేసేవాళ్ళకు కారణం కనపడని భయాలు వచ్చి పడతాయని ఆ తల్లి చెప్పి పోయింది. చిన్నప్పుడు ఇది పాఠంగా చదివినప్పుడు నాకు శాపం మీదే ధ్యాస. ఇప్పుడు చదివితే ఇంకోటి కనపడుతోంది. కొట్టినవాళ్ళకు సరమ వేసిన శిక్ష దెబ్బ కాదు, రోగం కాదు, చావు కాదు. భయం. ఎటు నుంచి వస్తుందో తెలియని భయం. పిల్లకు వాళ్ళు ఏది ఇచ్చారో అదే వాళ్ళకు తిరిగి ఇచ్చింది. ఆ భయం పోగొట్టుకోవడానికి చక్రవర్తి తగిన పురోహితుణ్ణి వెతుక్కుంటూ ఆశ్రమాల వెంట తిరిగి, చివరికి సోమశ్రవసుణ్ణి తెచ్చుకున్నాడు. అంత పెద్ద ఇతిహాసానికి వాకిట్లోనే ఒక కుక్కపిల్ల దెబ్బ ఎందుకు పెట్టారో పండితులు చెప్పాలి. అవతలి వాకిట్లో, తిక్కన రాసిన చివరి పర్వాల్లో, వెంట వచ్చిన కుక్కను వదిలేసి రమ్మంటే ధర్మరాజు స్వర్గమే వద్దంటాడు. మధ్యలో జరిగిన యుద్ధమంతా మనకు బాగా గుర్తుంది. ఈ రెండు కుక్కలే అంతగా గుర్తుండవు.

గుర్తుండకపోవడానికి కారణం మా బడి కావచ్చు. మా ప్రాంతం 1970లో ప్రకాశం జిల్లా పుట్టేదాకా కర్నూలు జిల్లాలో ఉండేది. జిల్లా ఏదైనా దేశంలో మా పేరు తెలిసింది పలక వల్లే. మార్కాపురం గనుల్లో తవ్విన నల్లరాతిని పలచగా చీల్చి, నునుపు చేసి, చెక్క చట్రం బిగించి పంపిస్తే ఎక్కడెక్కడి పిల్లలో దాని మీద అక్షరాలు దిద్దారు. రాతితో పాటు బెత్తం కూడా మేమే పంపించామేమో అనిపించేటట్టు ఉండేవి మా బడులు. చింతబరికె మాస్టారు కోసుకురాడు, దెబ్బలు తినబోయేవాడే కోసుకురావాలి. గుంజిళ్ళు, గోడకుర్చీ, తొడపాశం. మా ముందు తరం వాళ్ళయితే కోదండం గురించి చెప్పేవాళ్ళు, దూలానికి కట్టిన తాడు పట్టుకుని పిల్లవాడు వేలాడుతుంటే కింద కాళ్ళ మీద దెబ్బలు. నాన్నలు బడికి వచ్చి, 'కండ్లు రెండూ వదిలేసి యాడన్నా కొట్టండి సార్' అని అప్పజెప్పి పోయేవాళ్ళు. అందులో క్రూరత్వం ఉందని ఎవరూ అనుకోలేదు. ప్రేమ ఉందనే అనుకున్నారు, ఉంది కూడా. ఇక్కడే నాకు చిక్కు. 'మేమంతా దెబ్బలు తిని పైకొచ్చిన వాళ్ళమే' అని మా చిన్నాయన అన్నప్పుడు నేను ఏం చెప్పగలను? ఆయన పైకొచ్చిన మాట నిజం. కానీ దెబ్బల వల్ల వచ్చాడా, దెబ్బలున్నా వచ్చాడా? ఆయన బెంచీలో పక్కన కూచున్నవాడు, రెండో ఎక్కం రాక దెబ్బలు తిని, మర్నాటి నుంచి కందిచేలో దాక్కుని, ఆ తర్వాత గొర్రెల వెంట పోయినవాడు ఈ వాదానికి సాక్ష్యం చెప్పడానికి రాడు కదా. పైకొచ్చిన వాళ్ళే మాట్లాడతారు. రానివాళ్ళ లెక్క ఎవరు రాశారు?

ఈ లెక్క ఎప్పుడో అడిగినవాడు చలం. ఆడవాళ్ళ గురించి రాసిన చలమే అందరికీ తెలుసు. బడుల ఇన్స్పెక్టరుగా ఊళ్ళు తిరిగి, బెత్తాల కింద కూచున్న పిల్లలను దగ్గరగా చూసిన చలం 'బిడ్డల శిక్షణ' అని ఒక పుస్తకం రాశాడు. పిల్లల్ని కొట్టేది వాళ్ళ మంచి కోసమని మనం చెప్పుకునే మాటను ఆయన నమ్మడు. నాకు ఆయన రాసిన అన్నింటిలోకీ ఇదే ఎక్కువ ఇష్టం, ఇప్పటికీ ఇళ్ళల్లో తక్కువగా కనపడేదీ ఇదే. చట్టం దగ్గరికి మాత్రం మనం మెల్లగా చేరుకున్నాం. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో పిల్లల్ని కొట్టకూడదంది, మనసు నొప్పించేలా వేధించనూ కూడదంది. కుక్కను కొట్టకూడదని అంతకు చాలా ముందే, 1960లోనే చట్టం వచ్చింది. తమాషా ఏమిటంటే ఆ చట్టం మొదటిసారి నేరానికి పెట్టిన జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయల దాకా. మా సెంటర్లో టీ, బన్ను ఖర్చు. ఆ సెక్షన్ కింద మా చుట్టుపక్కల ఎవరైనా యాభై కట్టారని నేను వినలేదు.

'దండం దశగుణం' అని ఒక మాట వాడతాం. కర్ర పడితే పది రకాల మేలు అని అర్థం చెప్పుకుని ఎన్ని వీపులు చిట్లగొట్టామో. ఆ మాట వచ్చిన చాటుశ్లోకం మొత్తం చూస్తే కర్ర దేనికి పనికొస్తుందో జాబితా ఉంది. పక్షుల్ని, కుక్కల్ని, శత్రువుల్ని, పాముల్ని, పశువుల్ని అదిలించడానికి. బురదలో, నీళ్ళలో, చీకట్లో, చూపు లేనప్పుడు, ముసలితనంలో ఊతానికి. అది చేతికర్ర గురించిన శ్లోకం. చదువు చెప్పడం అందులో లేదు, బుద్ధి చెప్పడం లేదు. కుక్క ఉంది నిజమే, కానీ అది మీదికొచ్చే కుక్క, పెంచుకునే పిల్ల కాదు. ఈ సంగతి చిన్నాయనకు చెబితే కాసేపు ఆలోచించి, 'అయితే ముసలితనంలో పనికొస్తదని ఉంది గదా, అది చాలు నాకు' అన్నాడు. ఆయన సాయంత్రం నడకకు పోయేటప్పుడు చేతికర్ర తీసుకునే పోతాడు. అది సరైన వాడకమే.

కొట్టి నేర్పడం మా ఊరి కనిపెట్టుడేమీ కాదు. 1910లో జర్మనీలో కోన్రాడ్ మోస్ట్ అనే ఆయన పోలీసు కుక్కల శిక్షణ గురించి రాసిన పుస్తకం చాలాకాలం శిక్షకులకు దారి చూపింది. అందులో మెచ్చుకోలుకూ చోటుంది, కానీ కుక్క చివరికి మనిషి బలానికి లొంగాలనేది దాని వెన్నెముక. తర్వాత తోడేళ్ళ సిద్ధాంతం తోడైంది. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ బోనుల్లో పెట్టిన తోడేళ్ళను చూసి, వాటిలో పైచేయి కోసం పోట్లాట నడుస్తుందని రాశాడు. డేవిడ్ మెక్ 1970 నాటి తన పుస్తకంలో దాన్ని లోకానికంతా పంచాడు. ఇంకేముంది, ఇంట్లో కుక్కకు నువ్వే నాయకుడివని చూపించాలి, వెల్లకిలా పడేసి అదిమిపట్టాలి అని ఊరూరా పాఠాలు. అదే మెక్ తర్వాత ఉత్తర ధ్రువం దగ్గర ఎల్స్‌మియర్ దీవిలో అడవి తోడేళ్ళను ఏటేటా చూసి, గుంపంటే అమ్మ, నాన్న, పిల్లలు, అంతే అని 1999లో రాశాడు. ఒకరికొకరు తెలియని తోడేళ్ళను ఒక బోనులో కుక్కితే అవి పోట్లాడుకున్నాయి, దానికి నాయకత్వం అని పేరు పెట్టాం. తన పాత పుస్తకం ఇక అచ్చు వేయొద్దని ఆయన ప్రచురణకర్తను పదేపదే అడిగాడు. అయినా ఆ మాట చావలేదు. మనకు నచ్చిన అబద్ధానికి ఆయుష్షు ఎక్కువ. ఇంటి పెద్ద అంటే కర్ర పట్టినవాడే అని నమ్మే చోట అది మరీ బాగా అతుక్కుంది.

దెబ్బ పని చేయదా అంటే, చేస్తుంది. అదే దానితో ఇబ్బంది. ఆ క్షణానికి కుక్క ఆగుతుంది, కొట్టినవాడికి చేతిలో తృప్తి దిగుతుంది. లోపల ఏమవుతుందో కనపడదు. పోర్చుగల్లోని పోర్తోలో కొందరు పరిశోధకులు శిక్షణ బడులకు వచ్చే 92 ఇంటి కుక్కలను తీసుకుని 2020లో ఫలితాలు అచ్చు వేశారు. గొలుసు గుంజుడు, అరుపులు, దెబ్బలతో నేర్పే బడుల కుక్కల్లో మూతి నాక్కోవడం, ఆవలించడం, ఒళ్ళు కుంచించుకోవడం ఎక్కువ. పాఠం తర్వాత లాలాజలంలో ఒత్తిడి హార్మోను ఎక్కువ. తర్వాత ఇంకో పరీక్ష. గదిలో ఒక పక్క గిన్నె పెడితే అందులో ఎప్పుడూ తిండి ఉంటుంది, ఇంకో పక్క పెడితే ఎప్పుడూ ఖాళీ. కుక్కలు అది నేర్చుకున్నాక గిన్నెను మధ్యలో ఎక్కడో పెట్టారు. ముద్దుగా నేర్చుకున్న కుక్కలు ఆశతో పరిగెత్తాయి. మరీ కఠినమైన బడుల నుంచి వచ్చినవి నెమ్మదిగా కదిలాయి. గిన్నెలో ఏమీ ఉండదులే అనుకున్నట్టు. ఎవరైనా అడుగుతారు, కుక్క ఏమనుకుందో నీకెలా తెలుసని. తెలియదు. కానీ గిన్నె వైపు ఆ నెమ్మది నడక నేను మనుషుల్లో చూశాను, పరీక్ష ఫలితాలు చూసుకోవడానికి పోయే పిల్లల్లో.

పావ్లోవ్ కుక్కల గంట సంగతి అందరికీ తెలుసు. నాకు అంతకంటే ఆయన కుక్కల వరద కథ బాగా పట్టుకుంది. 1924 సెప్టెంబరులో లెనిన్‌గ్రాడ్‌లో నీవా నది పొంగి ప్రయోగశాల కుక్కల బోనుల్లోకి నీళ్ళొచ్చాయి. పనివాళ్ళు ఆ కుక్కలను నీళ్ళల్లో ఈదించి బయటికి తెచ్చారు. బతికాయి. కానీ కొన్నింట్లో ఎన్నాళ్ళో నేర్చుకున్న పాఠం మాయమైంది. మళ్ళీ నెమ్మదిగా నేర్పాక, ఒకనాడు తలుపు కింద నుంచి సన్నటి నీటి ధార వదిలితే చాలు, అదంతా మళ్ళీ చెదిరింది. భయం వచ్చి కూచున్న చోట చదువు నిలవలేదు. పావ్లోవ్ అది చూసి ఆగిపోకుండా భయం మీదే కొత్తగా ప్రయోగాలు మొదలుపెట్టాడు, శాస్త్రజ్ఞుడు కాబట్టి. మనకు అంత అక్కర్లేదు.

ఇంతా రాసి, మావాడి కోడిగుడ్ల వైపూ ఒక అనుమానం చూపు చూడకపోతే అన్యాయం. ఆ గుడ్డు ముక్క లంచం కాదా? కర్ర వెనక నుంచి తోలితే, ముక్క ముందు నుంచి లాగుతోంది. రెండింట్లోనూ కుక్క మనం చెప్పినట్టే చేస్తోంది కదా? ఇది నన్ను చాలా రోజులు తిప్పలు పెట్టింది. చివరికి నాకు కనపడిన తేడా చిన్నది. ముక్క వద్దనుకుంటే మిర్చి లేచిపోగలదు. నిజంగానే ఒక్కోసారి లేచి, వేపచెట్టు కింద పడుకుంటుంది, మావాడు డబ్బా పట్టుకుని ఎండలో నిలబడతాడు. కర్ర దగ్గర ఆ వీలు లేదు. ఇంకో అనుమానం: ఇదంతా తీరుబడి ఉన్నవాళ్ళ వైభోగం కదా? మిరప కోతల్లో తెల్లారక ముందే ఆటో ఎక్కే మనిషి కుక్కపిల్ల నిద్ర లేచే వేళ ఎలా కనిపెట్టుకుంటుంది? ఈ మాట నిజమని చాలాకాలం అనుకున్నాను. ఒక గొర్రెల కాపరి దాన్ని చెడగొట్టాడు. నల్లమల అంచున మంద వేసేవాడు, బడికి పోనివాడు, తీరుబడి అన్న మాట వినని మనిషి. ఆయన కుక్కపిల్లకు కళ్ళు తెరవగానే గొర్రెపిల్లల మధ్య పడేస్తాడట, అక్కడే తిండి, అక్కడే నిద్ర. అది గొర్రెపిల్లల్ని తరిమితే, పరుగు తీసే ఆవుకు కట్టే గుదికర్ర లాంటి చిన్న కొయ్య మెడకు కడతాడు. పరిగెత్తితే కొయ్య కాళ్ళకు తగులుతుంది, ఆగితే తగలదు. కొన్నాళ్ళకు విప్పేస్తాడు. 'కొట్టవా?' అని అడిగాను. 'కొడితే మనల్ని చూసి భయపడతది సామీ. రేతిరి చిరతపులి వాసనొస్తే మనం పిలవంగానే కాడికి రావాల గదా. భయపడే కుక్క యాడ వస్తది?' అన్నాడు. కోడిగుడ్డు లేదు, పరిశోధన లేదు. కుక్కతో ఆయనకు నిజంగా అవసరం ఉంది, అంతే. మనలో చాలామందికి కుక్కతో అవసరం లేదు, అధికారం మాత్రం కావాలి.

మెతకగా పెంచడం అంటే వదిలేయడం కాదనేది కూడా ఆ కాపరి దగ్గరే అర్థమైంది. మిర్చి వేళ్ళు కొరికితే మావాడు నవ్వి ఊరుకోడు. చప్పున ఆట ఆపేసి, లేచి, వీపు తిప్పి నిలబడతాడు. కాసేపయ్యాక కొబ్బరి పీచు ముడి ఒకటి నోటికి అందిస్తాడు. తోబుట్టువు కుక్కపిల్ల కూడా గట్టిగా కొరికితే కీచుమని అరిచి ఆట మానేస్తుంది కదా, అదే పాఠం. దీనికి ఓపిక ఎక్కువ కావాలి, ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉండాలి. మా అమ్మ మంచం మీదికి రమ్మని పిలిచి, మావాడు దిగమని చెప్పి, చిన్నాయన కర్ర చూపిస్తే పిల్ల ఎవరి మాట వినాలి? నిజానికి పాత ఇళ్ళల్లో దెబ్బలు ఎక్కువ పడింది ఇందుకే అనిపిస్తుంది. పది మంది పది రకాలుగా చెప్పి, చివరికి అర్థం కానివాణ్ణి కొట్టేవాళ్ళు.

వీధి కుక్కలంటే భయపడే తల్లులున్నారు, ఆ భయం ఊరికే రాలేదు. కాటు పడిన పిల్లను ఎత్తుకుని సూది మందు కోసం గిద్దలూరు పరిగెత్తిన వాళ్ళకు నేను సరమ కథ చెప్పబోను. ఆ తల్లులకు కావలసింది మనుషుల చేతులంటే భయం లేని కుక్కలు, రేబిస్ లేని కుక్కలు. బెదిరిన కుక్కే ముందు కరుస్తుంది. పట్టుకోబోతే పారిపోయే కుక్కకే టీకా అందదు. అందుకని మీ ఇంటికి ఏ పిల్లైనా వచ్చి చేరితే, దాని చెవులు, మూతి, కాళ్ళు రోజూ ఒకసారి నెమ్మదిగా పట్టుకుని వదలండి, పట్టుకున్నప్పుడల్లా జొన్నరొట్టె ముక్కో, పెరుగన్నం మెతుకో నోట్లో పెట్టండి. మూడు నెలలు నిండగానే పశువుల ఆసుపత్రికి తీసుకుపోయి రేబిస్ టీకా వేయించండి, ఏటా మళ్ళీ వేయించండి. జూలై 6, జంతువుల నుంచి వచ్చే జబ్బుల దినం నాడు ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు. పోయేటప్పుడు జేబులో రొట్టె ముక్క మరిచిపోవద్దు.